ఇరవై అయిదు చింతగింజలు

మా చిన్నప్పుడు... మలేషియాలో సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్లలో ఎవరింట్లోనైనా పొయ్యి వెలగకపోతే ఇరుగుపొరుగు వచ్చి అడిగేవారు. ఆ రోజు మా ఇంట్లో వెలగలేదు. ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం మా అక్క పరుగని, అందుకే మా పస్తని అందరికీ తెలుసు మరి.

అక్కకు పందొమ్మిది, నాకు తొమ్మిది. అమ్మతో రబ్బరు పాలు గీయడానికి వెళ్ళి, బకెట్లు మోసి, ఆ మట్టిదారుల్లోనే చెప్పుల్లేకుండా పరిగెత్తి పరిగెత్తి... దేశదేశాల వాళ్ళు వచ్చే పెద్ద పోటీలకు ఎక్కింది మా అక్క! కౌలాలంపూర్‌లో, ఆడవాళ్ళ పదివేల మీటర్లు. మైదానం చుట్టూ ఇరవై అయిదు చుట్లు. "అన్ని సుట్లే! గానుగెద్దేటి?" అని లైన్లంతా బుగ్గలు నొక్కుకున్నారు.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, అమ్మోరికి మొక్కుకుంది. పరుగు అయ్యేదాకా ఇంటిల్లిపాదీ పస్తు. "పిల్లకి మాత్రం సెప్పకండి. పరిగెత్తేది అది, పస్తు మనకి" అని గట్టిగా చెప్పింది. నేను విన్నాను. బాగానే విన్నాను...

మధ్యాహ్నం అక్క చీనావాళ్ళ కొట్టుకు ఫోన్ చేసింది. పెద్దవాళ్ళు అమ్మోరి దగ్గర ఉన్నారని నేనే పరిగెత్తాను.

"తిన్నావేటే?" అంది.

"నేదు. మామ్మ మొక్కింది. నువ్వు కూడా తినకూడదంట."

"ఎవులు సెప్పినారు?"

"మామ్మే."

తర్వాత మెల్లగా, "నీళ్ళు కూడానా?" అని అడిగింది.

"నీళ్ళు కూడా" అన్నాను.

"సర్లే... మామ్మ సెప్తే మరేటి సేత్తాం లా" అని, మా మలేషియా వాళ్ళం మాట చివర తగిలించే "లా"తో ముగించి, ఫోన్ పెట్టేసింది.

ఎందుకలా అన్నానంటారా? ఇంట్లో ఒక్కరు తిన్నా మొక్కు చెడుతుందని నా భయం. నీళ్ళు కూడా మానేస్తే అమ్మోరు ఇంకా మెచ్చుతుందని నా తెలివి. నా బుర్ర తగలెయ్య!

సాయంత్రం ఎస్టేటు హాల్లో టీవీ ముందు అందరం చేరాం. మామ్మకు లెక్కలు రావు. అందుకని ఇరవై అయిదు చింతగింజలు నేల మీద వరసగా పేర్చింది. అక్క ఒక చుట్టు తిరిగితే ఒక గింజ పక్కకు జరపాలి. మొదటి పది గింజలూ కేరింతలతోనే జరిగాయి. "మా మనవరాలే, సూడండ్రా!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

పదిహేనో గింజ దగ్గర అక్క వెనకబడింది. ముందున్న వాళ్ళు ఒక చుట్టు ఎక్కువ తిరిగి, వెనకనుంచి వచ్చి అక్కను దాటేశారు. ఆ ఉక్కలో అందరి ఒళ్ళూ చెమటతో మెరుస్తున్నాయి, అక్కకు మాత్రం చెమట ఆగిపోయింది. ఇరవై ఒకటో గింజ జరిగాక, తాగినవాడిలా పక్క గీతల్లోకి తూలింది. పడింది. లేచింది. నాలుగడుగులు వేసి మళ్ళీ పడింది. ఈసారి లేవలేదు.

స్ట్రెచర్ తెస్తుండగానే టీవీ పరుగులో ముందున్న వాళ్ళ మీదికి వెళ్ళిపోయింది. కాసేపటికి గెలిచినామె జెండా కప్పుకుని నవ్వుతోంది. మామ్మ వేలు ఇరవై రెండో గింజ మీదే ఉంది.

ఒంట్లో నీళ్ళు లేక, వడదెబ్బ తగిలి మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. మధ్యాహ్నం నుంచీ నీళ్ళెందుకు తాగలేదని డాక్టరు అడిగితే, "మరిసిపోయినాను" అంది అక్క. మామ్మ పేరు ఎత్తలేదు. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత మామ్మ చేత్తో పెట్టిన ముద్ద ఏనాడూ ముట్టలేదు.

మామ్మకు కారణం తెలియదు. "మొక్కులో ఏటో తప్పు సేసినాను, అందుకే పిల్ల నా మొకం సూడదు" అని కుమిలి కుమిలి, మూడేళ్ళకు పోయింది. ఆ మూడేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యే పడుకున్నాను నేను. ఒక్క మాట చెబితే సరిపోయేది... దెబ్బలు తింటానని భయం. తర్వాత సిగ్గు. తర్వాత చెప్పడానికి మామ్మే లేదు.

ఇప్పుడంతా మారింది. ఎస్టేటు లేదు, లైన్లు లేవు, పరుగులు ఫోన్లోనే చూస్తున్నాం. నిన్న అక్కా నేనూ అలాంటిదే చూశాం... అదే పదివేల మీటర్లు. పరిగెడుతూనే అమ్మాయిలు నీళ్ళు అందుకుని ఓ గుక్క తాగి, మిగతావి నెత్తిన పోసుకుంటున్నారు. అక్కకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నీళ్ళు కొలిచి తాగాలి. చేతిలో గీత పెట్టిన గ్లాసు పట్టుకుని, "అబ్బ, నీళ్ళెలా పారబోత్తన్నారో సూడే" అంది.

రాత్రంతా నాకు నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను. గుడిలో ఆదివారం బడికి వెళ్ళి నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అక్కకు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇంత రాశాను. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

చిన్నప్పుడు మీరన్న ఒక్క మాట మీలో ఎవరినైనా ఇంకా నిద్రపోనివ్వడం లేదా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.

ఇందాకే అక్క వచ్చి పక్కన కూర్చుంది. "ఏటే అంత పొడుగ్గా రాత్తన్నావు?" అంది.

"నీ పరుగు గురించే."

"అవునా! అయితే సదివి ఇనిపించు లా."

పూర్తయ్యాక చదువుతానన్నాను. కదలకుండా కూర్చుంది.

ఇదిగో... పూర్తయింది.