అన్నయ్య కాలు మీద పడిన నింద

మా ఆయన మంచి మెకానిక్కే. కాకపోతే తప్పు ఎప్పుడూ అవతలివాళ్లదే. షెడ్డుకి బండి వచ్చిందంటే ముందు తెచ్చినవాడికి నాలుగు చీవాట్లు పడతాయి, ఆ తర్వాతే బానెట్ లేస్తుంది.

ఈసారి ఆ చీవాట్లు ఆయన అక్క మొగుడికి పడ్డాయి. నాకు అన్నయ్య వరస. దారిలో ఆగిపోయిన బళ్లని లాక్కొచ్చే లారీకి డ్రైవరు. ఖాళీగా వెళ్తే ఆ లారీ బుద్ధిగానే ఉంటుంది. వెనక బండి తగిలించి మెరక ఎక్కించారో, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటిపోతుంది, రేడియేటర్ బుసకొడుతుంది.

కారుతోందని పాత రేడియేటర్ తీసి కొత్తది వేసింది మా ఆయనే. ఇప్పుడు వేడెక్కితే తెరుచుకుని నీళ్లు వదిలే థర్మోస్టాట్ ఊడదీసి నా పాలగిన్నెలో మరిగించాడు. అది సరిగ్గానే తెరుచుకుంది, గిన్నె మాత్రం మళ్లీ పాలకి పనికిరాలేదు. బెల్టు చూశాడు, నీళ్ల పంపు చూశాడు. లోపమేదీ దొరక్కపోయేసరికి భోజనాల దగ్గర అందరి ముందూ తేల్చేశాడు.

"కొత్త రేడియేటర్ వేశాక కూడా కాగుతోందంటే లోపం బండిది కాదు బావా, నీ కాలిది. పెద్ద గేర్లోనే ఉంచి తొక్కి చంపుతున్నావు. వయసు మీద పడ్డాక కాలు బరువెక్కుతుందిలే."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అన్నయ్య తలొంచుకుని తిన్నాడు.

ఆ తర్వాత మెరక కనిపిస్తే చాలు, ఆయనకి చెమటలు పట్టేవని వదిన చెప్పింది. చివరికి లారీ యజమాని దగ్గరికెళ్లి, నా వల్ల కావట్లేదు, వేరే డ్రైవర్ని చూసుకోండి అనేశాడు. జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్న మనిషి.

అది విన్నాక మా ఆయనకి మనసు ఆగలేదు. లారీకి ఒక బండి తగిలించి తనే నడిపి చూశాడు, చిన్న గేర్లో, మెత్తగా. మెరక సగం ఎక్కకముందే ముల్లు లేచింది. పక్కకి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే రేడియేటర్ ముందు ఒక కాగితం పెట్టాడు. ఫ్యాన్ గాలి లాగుతుంటే కాగితం అతుక్కోవాలి. జారి కింద పడింది.

అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. రేడియేటర్ మార్చిన రోజు ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు విప్పి, బోల్టు పట్టే చెవి విరిగిందని షెడ్డు అటక మీద పడేశాడు. తర్వాత బిగిద్దాంలే అనుకున్నాడు. అది లేకపోతే ఫ్యాన్ ఇంజిన్ దగ్గరి వేడిగాలినే తిప్పుతూ ఉంటుంది. ఖాళీగా జోరుగా పోతే ఎదురుగాలి సరిపోతుంది, బరువుతో మెల్లగా ఎక్కేటప్పుడే బండారం బయటపడుతుంది.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "బంగారంలాంటి మనిషి చేత పని మానిపించానే. నా నోరు పడిపోను" అన్నాడు. చప్పుడు చేయకుండా కవరు బిగించేస్తే సరిపోదా అని కూడా అన్నాడు. సిగ్గు తెచ్చుకోమన్నాను.

మర్నాడు అన్నయ్యని షెడ్డుకి పిలిచాడు. నేనూ వెళ్లాను. తీరా ఆయన వచ్చాక ముఖం చెల్లక లారీ కింద దూరి, కవరు బిగిస్తూ అక్కణ్నుంచే చెప్పాడు.

"తప్పు నాది బావా. ఈ కవరు పెట్టకుండా వదిలేసింది నేనే. నీ కాలికి ఏమీ కాలేదు. యజమానికీ నేనే చెబుతాను, మళ్లీ నువ్వే నడపాలి."

అన్నయ్య కడిగేస్తాడనుకున్నాను. కడిగేస్తే బాగుండేది కూడా. ఆయన చక్రం పక్కన చతికిలబడి, కిందికి వంగి, మెల్లగా అన్నాడు.

"నా కాలు కాదని నాకు తెలుస్తూనే ఉందిరా. కానీ చెప్పింది నువ్వు కదా. నీకు తెలియంది ఉంటుందా అనుకున్నాను."

లారీ కింద పానా చప్పుడు ఆగిపోయింది. మా ఆయన ఎంతకీ బయటికి రాలేదు.