నాన్న కనుబొమ్మ మీది బొగ్గు గీత

ఖమ్మంలో ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో లేజర్ మెషీన్ నడపడం నా ఉద్యోగం. కథలు రాయడం నా జబ్బు. రెండింటిలోనూ చిన్న మచ్చ కనిపించినా నాకు మనసున పట్టదు. ఒక్క వాక్యం నచ్చకపోతే కథంతా మొదటినుంచి తిరగరాసే మొండిదాన్ని.

ఒకసారి ఓ కథ ముగింపు దగ్గర ఆగిపోయింది. అందులో ఒక కూతురు, బొగ్గుగనిలో పనిచేసిన తండ్రి ముఖం మీది మచ్చను లేజర్‌తో తీసేస్తుంది. అద్దం చూసుకున్నాక ఆ తండ్రి ఏం చేస్తాడు? ఎన్ని రకాలుగా రాసినా అతికించినట్టే ఉంది. కళ్లారా చూస్తే తప్ప కుదరదనిపించింది. చూడటానికి మా నాన్న ఉన్నాడు కదా!

నాన్న కొత్తగూడెం బొగ్గుగనిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడిగా రిటైరయ్యాడు. వయసులో ఉండగా బొగ్గు పెళ్ల తగిలి కనుబొమ్మ చిట్లింది. దుమ్ము లోపలే ఉండిపోయి గాయం మానింది. అప్పటినుంచి అక్కడ వేలెడు నీలి గీత.

"నొప్పి లేదు, గిప్పి లేదు. ఇన్నేండ్లకు దీన్నెందుకు తీసుడు బిడ్డా?" అన్నాడు.

"మొఖం నీట్‌గ ఉంటది నాన్నా" అన్నాను. కథ సంగతి చెప్పలేదు.

నా మాట కాదనలేక బస్సెక్కి వచ్చాడు. నాలుగో సిట్టింగ్ అయ్యాక కొన్నాళ్లకు గీత జాడే లేదు. అద్దం ఇచ్చాను. అద్దంలోకి ఒకసారి, నా ముఖంలోకి ఒకసారి చూసి నవ్వాడు. ఆ నవ్వు తీసుకెళ్లి కథ చివర పెట్టాను. పత్రికవాళ్లు అక్షరం మార్చకుండా వేశారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

తర్వాత ఇంటికి వెళ్తే, పొద్దున్నే టీకొట్టుకు పోయే మనిషి వరండాలోనే కూర్చుని ఉన్నాడు. ఏమైందని అమ్మను అడిగాను.

"టీకొట్టు కాడ దోస్తులంత ఆట పట్టిస్తున్నరంట. బాయి దిగినోనివేనా, సర్ఫేసోనివా అని. వాళ్లందరికీ మొఖానో చేతులకో గీతలున్నయి. మీ నాన్నకే లేదాయె" అంది.

బాయి అంటే గని. సర్ఫేస్ అంటే పైన పనిచేసేవాళ్లు. ప్రాణం అరచేత పట్టుకుని కిందికి దిగినవాళ్లకు వాళ్లంటే కాస్త చిన్నచూపు. ఉత్త వేళాకోళమే, కానీ నాన్నకు తగిలింది.

వెళ్లి పక్కన కూర్చున్నాను. నా కథ వచ్చిన పత్రిక ఆయన ఒళ్లో ఉంది.

"చదివిన బిడ్డా. మంచిగ రాసినవ్. ముసలాయన నవ్విన కాడ ఇంకా మంచిగుంది" అన్నాడు. కనుబొమ్మ తడుముకుంటూ మెల్లగా అడిగాడు. "మీ మెషీన్‌తోని మల్ల పెట్టరాదా?"

"రాదు నాన్నా. దానికి తీసుడొక్కటే వస్తది."

"గట్లనా" అని పేజీ తిప్పాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కథకు ముగింపు కావాలనే ఆ గీత తీశానని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు. ఆయన కథ చదివాడు.