గోపయ్య ఎడమ పక్క

కొత్తపేటలో పెళ్లయినా బోనాలైనా, మైకు కట్టాలంటే మా ఆయన గోపయ్యే రావాలి. బతుకంతా లౌడ్‌స్పీకర్ల కిందే నిలబడ్డాడు. ఎడమ చెవి పోయింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా దగ్గర కూడా ఆయన ఒప్పుకోడు. అందుకే ఎక్కడికెళ్లినా ఆయన ఎడమ పక్కన నేనుంటాను. అటునుంచి ఎవరు పలకరించినా నేనే జవాబిస్తాను. మొగుణ్ని నోరెత్తనివ్వని గయ్యాళి అన్నారు. అననీ. ఆయన పేరు నిలిచింది కదా.

మా కొడుకు కృష్ణ తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టాడు. హాలు ఎంత పెద్దదంటే ఈ మూల మాట ఆ మూలకు చేరదు. అందులోకి స్పీకర్లు కొందామని మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాడు.

"నాకేం తెల్వది నాయినా. నువ్వేదంటే అదే తీస్కుంట" అన్నాడు వాళ్ల నాన్నతో.

ఒక్క చెవితో ఈయనేం ఎంచుతాడని నాకు భయం పట్టుకుంది.

షాపులో స్వప్న అనే పిల్ల గోడకు తగిలించే స్పీకర్ల జత ముందు ఆయన్ను కూర్చోబెట్టింది. నడిమధ్య ఒకటే కుర్చీ. అక్కడ కూర్చుంటేనే సరిగ్గా వినిపిస్తుందట. నేను వెనక నిలబడాల్సి వచ్చింది.

పాట మొదలైంది.

"ఎడమ దిక్కుది మోగుతలేదమ్మా" అన్నాడు ఆయన.

"రెండూ మోగుతున్నయి అంకుల్."

"మైకోనికే చెప్తున్నవా? ఇంకోటి పెట్టు."

ఈసారి నేలమీద నిలబడే పొడుగు జత పెట్టింది.

"దీంది గూడ ఎడమది పోయింది."

కృష్ణ వంగి ఎడమ స్పీకరుకు చెవి ఆనించాడు. లేచి నాన్న వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు.

నేను ఊరుకోలేదు. "గిసుంటి సరుకు పెట్టి పెద్దమనిషిని కూసోబెడ్తరా? గిదేం దుకానమమ్మా?"

స్వప్న మొహం చిన్నబోయింది. అది ఆయన చూశాడు.

"అండాలూ, జర ఆగు" అన్నాడు నాతో. లేచి కుర్చీ వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాట అయ్యేదాకా తల ఎత్తలేదు.

"గిప్పుడు పోయిందనుకున్నదే మోగుతున్నది. డబ్బాలు మంచిగనే ఉన్నయి బిడ్డా. నా చెవే పోయింది. ఎప్పుడు పోయిందో మీ అమ్మనడుగు కృష్ణా."

కృష్ణ నాన్న కుడి పక్కకు వచ్చాడు. "అయితే రెండూ నీ కుడి దిక్కే పెడ్తనే."

"అట్ల పెడితే గోపయ్య కొడుక్కి మైకు కట్టరాదంటరు. హాలు పెద్దది, ఈ పొడుగుయే తీస్కో. ఆ పక్కకొకటి, ఈ పక్కకొకటి పెట్టు. నా కుర్చీ నేను తిప్పుకుంట."

కారులో అలవాటుగా ఆయన ఎడమ పక్కనే కూర్చున్నాను.

"ఇగ దాచేదేముంది? ఆ పక్కకు రానా?" అని గట్టిగా అడిగాను.

"వద్దు, ఆడ్నే కూసో" అన్నాడు. "నువ్వు తిట్టేది ఇనబడది."