నజీర్ తోమకుండా వదిలిన తొట్టి

తాండూరులో నజీర్ పరిచిన నేల మీద మొహం చూసుకోవచ్చని అనేవాళ్లు. నాపబండ మీద నీళ్లు చల్లుతూ, రాయితో రాయిని రుద్ది, చివరికి తడిగుడ్డతో తుడిచాకే ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేవాడు. పని అప్పగించేటప్పుడు దాని మీద చేతి మరక కూడా ఉండకూడదు. అది తండ్రి నేర్పిన పద్ధతి. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు తండ్రి పోయాడు. ఉలి, సుత్తె, ఆ పద్ధతి కొడుక్కి మిగిలాయి.

పదేళ్లు తిరిగేసరికి దగ్గు పట్టుకుంది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "బండ దుమ్ము లోపల కూర్చుంది. ఈ పని వదులు. లేదంటే ఊపిరి నిన్ను వదుల్తది" అన్నాడు. వేరే పనేమీ రాదు నజీర్‌కు. ఇంటికొచ్చి భార్య అలీమాబీకి సగమే చెప్పాడు. మిగతా సగం రాత్రిళ్లు ఆ దగ్గే చెప్పింది.

అప్పుడు కబురు పెట్టాడు భీమప్ప. వికారాబాదు స్టేషను ఎదురుగా అతనికి చాయ్ హోటలు ఉంది. బొంబాయి వెళ్లి, అద్దాల వెనక ఈదే సముద్రపు చేపల్ని చూసి వచ్చాడు. అప్పటి నుంచీ నిద్ర లేదు.

"నజీర్ భాయ్, నా హోటల్ల చేపల తొట్టి గట్టాలె. మూడు దిక్కుల మీ తాండూరు బండ, ముందర అద్దం. గా రంగు చేపలే కావాలె. ఉప్పు సంచి నేను దెప్పిస్త."

"ఉప్పేస్తే సముద్రమైతదా సేటూ? ఊరగాయైతది. మా కాగ్నా నది పరక చేపలు తెస్త, వాటితోని సూద్దం."

"సరే తే. మంచిగ బతికినయంటే గుల్బర్గల మా తమ్ముని హోటల్‌కు, యాదగిరిల మా బావ దుకాణానికి తొట్లు నీయే. నాకు తెల్సినోళ్లు మస్తు మందున్నరు."

తొట్టి పనిలో కోత తక్కువ, తడి ఎక్కువ. దుమ్ము లేచేది ఉండదు. నజీర్‌కు ఆ మాట ఒక్కటి చాలు.

బండలు నిలబెట్టి, సందుల్లో సున్నం, సిమెంటు నింపి, ముందు అద్దం బిగించాడు. సున్నం సంగతి అతనికి కొత్త కాదు; దాని ఘాటు నీళ్లలోకి దిగితే చేప బతకదు. తొట్టి నింపడం, తోడెయ్యడం, చింతపండు పులుసుతో గోడలు కడగడం, మళ్లీ నింపడం. వేళ్ల మధ్య నీళ్లు సబ్బులా జారడం మానేదాకా అలాగే చేశాడు. తర్వాత కాగ్నా నుంచి కుండలో పరకలు తెచ్చి వదిలాడు. హోటలుకు వచ్చినవాళ్లు చాయ్ మర్చిపోయి చూశారు.

హోటల్లోనే మకాం పెట్టి, రోజూ పొద్దున్నే నీళ్లు మార్చి, గోడల్ని గుడ్డతో తుడిచేవాడు. బండ మెరిసేది, నీళ్లు అద్దంతో పోటీ పడేవి. వారం గడవకముందే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి, ఒక్కొక్కటే వెల్లకిలా పడ్డాయి. మళ్లీ తెచ్చాడు. ఈసారి ఇంకా గట్టిగా తోమాడు. అవీ పోయాయి.

"ఏంది భాయ్, చేపలకు గోరీ గట్టినవా?" అన్నాడు భీమప్ప. మొదట నవ్వాడు గానీ, రెండోసారి నవ్వలేదు. "ఇంకొక్కపారి చూస్త. గప్పుడు గూడ చస్తే, అద్దం పీకి గిన్నెలు కడిగే తొట్టి చేస్త."

నజీర్ తాండూరు ఇంటికి వచ్చాడు. పెరట్లో కాళ్లు కడుక్కునే రాతి గోలెం దగ్గర కూర్చుని నీళ్లు ముంచుకుంటుంటే, చెంబులోకి ఒక పరక పిల్ల వచ్చి, తుళ్లి మళ్లీ గోలెంలో పడింది.

"ఇదెప్పటిది?"

"నువ్వు మొదటిపారి కుండల తెచ్చినప్పుడు జారి పడ్డది" అంది అలీమాబీ.

"చావలేదా?"

"ఎందుకు చస్తది? దాని బతుకు అది బతుకుతున్నది."

"ఈ గోలెం నువ్వు ఎప్పుడు తోమినవ్?"

"సురువు జేసిండు! అజీ, పాచి పట్టిందని తిట్టేటట్టుంటే నువ్వే తోముకో. నేను సగం నీళ్లు చెట్లకు పోస్త, సగం కొత్తయి పోస్త. గోడ జోలికి పోను."

నజీర్ తిట్టలేదు. గోలెంలో చెయ్యి పెట్టి గోడను తడిమాడు. మెత్తగా, జారుడుగా, పచ్చగా ఉంది. తర్వాత కాగ్నాకు పోయి నీళ్లలో దిగాడు. చేప తిరిగే చోట ఏ రాయి పట్టుకున్నా అదే మెత్తదనం. తోమిన రాయి నది మొత్తం మీద ఒక్కటీ దొరకలేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

ఆ పాచిరాళ్లు, కాస్త ఇసుక, తడి గోనెసంచిలో మూటకట్టి రైలెక్కాడు. దారిపొడుగునా వాటి మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాడు. పక్కన కూర్చున్న రహీమాబీ అనే ముసలామె ఆపుకోలేక అడిగింది.

"ఏమున్నయి బేటా అండ్ల?"

"రాళ్లు అమ్మా."

"తాండూరు రాళ్లకు దాహమేస్తదని నాకు తెల్వకపాయె."

తొట్టిలో రాళ్లు పేర్చి, నీళ్లు నింపి, పాచి పెరగడానికి చిటికెడు తవుడు వేసి ఊరుకున్నాడు. చేప వెయ్యలేదు. నీళ్లు మసకబారి వాసన కొట్టాయి. భీమప్ప ముక్కు మూసుకున్నాడు.

"గిరాకీ పారిపోతున్నది భాయ్. తోమిపిస్త."

"సేటూ, చెయ్యి పెట్టకు. నా చెయ్యే నేను ఆపుకుంటున్న."

అది నిజం. గుడ్డ కనిపిస్తే చాలు, చెయ్యి దానికదే పోయేది. చివరికి గుడ్డల్ని హోటల్లో ఊడ్చే ఎంకమ్మకు అప్పగించి, "నేనడిగినా ఇయ్యకు" అన్నాడు. అతను రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వలేదు.

మెల్లగా వాసన తగ్గింది. ఒక పొద్దున నీళ్ల మీద ముఖం పెట్టి చూస్తే వానపడ్డ మన్ను వాసన వచ్చింది. నీళ్లు తేరుకున్నాయి. గోడల మీద గోధుమరంగు పొర, దాని మీద పచ్చదనం. గోలెంలోని పరకనే తెచ్చి వదిలాడు. భీమప్ప, ఎంకమ్మ, నజీర్ అద్దం ముందు కూర్చున్నారు. అది పైకి రాలేదు. గోడ దగ్గరికి పోయి పాచిని కొరుక్కుంటూ తిరిగింది.

వారాలు గడిచినా అది అలాగే తిరిగింది. మరికొన్ని వచ్చి చేరాయి. కానీ అద్దం మీద కూడా పాచి పట్టి చేపలు కనిపించకపోవడంతో భీమప్ప మళ్లీ గొంతు పెంచాడు. నజీర్ ఎంకమ్మ దగ్గర గుడ్డ తీసుకుని అద్దం ఒక్కటే తుడిచాడు. మూడు బండల్నీ వదిలేశాడు.

"బండలు మెరుస్తలెవ్వు గదా భాయ్?"

"ముందర నీకు సేటూ. ఎనకది చేపలకు."

గుల్బర్గా తొట్టికి బండలు ఏరేటప్పుడు నజీర్ బయటి ముఖం మాత్రమే నున్నగా రుద్దాడు. అదీ తడిపి తడిపి. లోపలి ముఖం గని నుంచి వచ్చినట్టే గరుకుగా ఉంచాడు. గరుకు మీద పాచి తొందరగా నిలబడుతుందని అప్పటికి తెలుసుకున్నాడు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, రాత్రిళ్లు అలీమాబీ నిద్ర పోగలిగేంత తగ్గింది. చేయించుకున్నవాళ్లు లోపల చెయ్యి పెట్టి, "ఇక్కడ పని పూర్తి కాలేదు" అంటే, ఇంకా కాలేదనీ, ఆ మిగిలిన పని నీళ్లు చేస్తున్నాయనీ చెప్పేవాడు.