తడి రంగు మీద శుక్రవారం బొట్టు

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను చొక్కా జేబులోంచి బయటికి కనబడేలా పెట్టుకుని తిరిగే రోజుల్లో, చేతికి దొరికిన ప్రతి పనీ నేనే చేసెయ్యగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇస్త్రీపెట్టె విప్పాను, టేప్‌రికార్డరు విప్పాను, గోడ గడియారం విప్పాను. (తిరిగి బిగించిన సంగతి మాత్రం అడక్కండి.) అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. అనకాపల్లిలో ఇల్లు, పరవాడలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి కంపెనీ బస్సు వచ్చేదాకా నా చేతులు ఖాళీయే. ఆ ఖాళీ చేతులంటే మా ఇంట్లో అందరికీ భయం.

నాన్న నా చిన్నప్పుడే పోవడంతో మా ఇంటికి పెద్ద దిక్కు మా బావే, అంటే అక్క భర్త. నాతవరంలో స్కూలు మాస్టారు. ఆ ఏడాదే ఒక సెకండ్‌హ్యాండ్ తెల్ల కారు కొని, దాన్ని కన్నబిడ్డ కంటే ఎక్కువగా చూసుకుంటున్నాడు. ఆదివారం ఆ కారులోనే మేం మునగపాక వెళ్ళాలి, నాకు పిల్లని చూడడానికి. చూడడం అని పేరేగానీ, ఆ అమ్మాయిని నేను కాలేజీ రోజుల్లో రెండేళ్ళపాటు బస్టాపులో చూసినవాణ్ణే. ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ వద్దని లోపల్లోపల ఒట్టు కూడా పెట్టుకున్నాను. వాళ్ళ నాన్నగారు చెరకు రైతు, ఖండితమైన మనిషి. అప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పంపేశారని, నాది మూడోదని కబురు. అక్కడ నా తరఫున నాలుగు మంచి మాటలు చెప్పవలసినవాడు బావ ఒక్కడే. అంచేత ఆదివారం దాకా బావ మనసు చల్లగా ఉండడం నాకు ప్రాణావసరం.

గురువారం బావ కారు మా వాకిట్లో పెట్టి, ఏదో ట్రైనింగుందని రైలెక్కడానికి బయల్దేరుతూ, కారు ముందర జల్లెడలా ఉండే గ్రిల్లు మధ్యనున్న గుండ్రటి కంపెనీ లోగోని బొటనవేలితో రుద్దాడు. "బండి పెళ్ళికొడుకులా ఉన్నాది గానీ, ఈ లోగోయే బాగా ఎలిసిపోనాదిరా" అన్నాడు. నీలం రంగు మీద వెండి అక్షరం ఉండే లోగో అది. నీలం పెచ్చులు లేచి, చర్మవ్యాధి వచ్చినట్టుండేది. బావ మామూలుగా అన్నాడు. నాకు మాత్రం దేవుడు దారి చూపించినట్టనిపించింది. ఆదివారం పొద్దున్న బావ వచ్చేసరికి లోగో మెరిసిపోతూ ఉంటుంది, బావ "ఎవరు సేసేర్రా ఇది?" అంటాడు, నేను తల దించుకుని నవ్వుతాను. ఈ దృశ్యం నా కళ్ళ ముందు ఎంత స్పష్టంగా కనబడిందంటే, ఇంక ఆగలేకపోయాను.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. గరుకు కాగితంతో పాత రంగు గీకాను, కిరసనాయిలు గుడ్డతో తుడిచాను, వెండి అక్షరం మీద బ్లేడుతో కోసిన సెల్లోటేపు అంటించాను. మా ఇంటి గేటుకి వెయ్యగా మిగిలిన నీలం ఎనామిల్ డబ్బా ఉండనే ఉంది. (నీలమంటే నీలమే కదా, అందులో మళ్ళీ రకాలేమిటి అనుకునే వయసు.) పలచగా వేస్తే సరిపోయేది. నాకు పలచగా అన్నది ఎప్పుడూ చేత కాలేదు, రెండు పూతలు దట్టంగా పట్టించాను. కొద్దిగా వెనక్కి వెళ్ళి చూసుకుంటే నా మీద నాకే గౌరవం కలిగింది. ఎండకి ఆరుతుందిలే అని స్నానానికి వెళ్ళాను.

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి మా నాయనమ్మ కారు ముందు చేతులు జోడించుకుని నిలబడి ఉంది. ఆవిడ శుక్రవారం తలంటి పోసుకుని గుమ్మానికి పసుపు రాసే అలవాటున్న మనిషి. ఆ వేళ గుమ్మంతో ఆగలేదు. తడి రంగు మీద నాలుగు వేళ్ళతో పసుపు మెత్తి, నడిమధ్యన రూపాయి బిళ్ళంత కుంకం దిద్ది, చాలదన్నట్టు గుప్పెడు అక్షింతలు కూడా వేసింది.

"నాయనమ్మా! ఏటి సేసేవు?"

"ఏటి సేత్తాను, బొట్టెట్టేను. సుక్కురోరం కదా. ఆదోరం నీ మంచికి ఎల్లే బండి కాదేటి?"

ఆవిడ ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. నీలంలో పసుపు కలిసి అక్కడక్కడ ఆకుపచ్చ తేలింది, మధ్యన కుంకం ముద్ద కట్టింది, అక్షింతలు రంగులో కాళ్ళు దిగేసుకుని కూర్చున్నాయి. పిన్నీసుతో ఒక గింజ పీకితే గుంట పడింది. కిరసనాయిలు గుడ్డ పెడితే మొత్తం లోగో చిత్తడైపోయేలా ఉంది. ఈలోగా కంపెనీ బస్సు వచ్చేసింది. శనివారానికి ఆ పూజంతా రాయిలా గట్టిపడిపోయింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదంటే నమ్మండి.

ఆదివారం బావ రాగానే కారు దగ్గరికే వెళ్ళాడు. జేబురుమాలు తీసి తుడిచాడు. రుమాలుకి ఏమీ అంటలేదు. గట్టిగా రుద్దాడు. అయినా అంటలేదు.

"నానే ఎట్టేను బాబూ" అంది నాయనమ్మ గుమ్మంలోంచి, ఎంతో సంతోషంగా.

"మంచిది నాయనమ్మా" అన్నాడు బావ మర్యాదగా. తరవాత వంగి వాసన చూశాడు. లోగోని చూశాడు, గేటుని చూశాడు, నన్ను చూశాడు. "ఎక్కు. వచ్చేక మాటాడదాం" అన్నాడు. మునగపాక చేరేదాకా ఇంకో మాట లేదు. దారి పొడుగునా చెరకు తోటలు చూస్తూ, ఇంక ఈ మనిషి నా గురించి మంచి మాట చెప్పడని, ఆ అమ్మాయి నాకు దక్కదని తేల్చేసుకున్నాను. ఏడుపు నిజంగానే వచ్చింది. చెరకు తోటల వైపు తిరిగి మింగేశాను.

అమ్మాయి వాళ్ళ నాన్నగారు వీధిలోకి ఎదురొచ్చారు. మమ్మల్ని పలకరించి, కళ్ళు కారు మీద పడగానే వంగి, లోగో మీద గోరుతో గీకారు. ఒక అక్షింత ఊడి ఆయన చేతిలో పడింది. దాన్ని ఎండలోకెత్తి చూసి, "ఎవరేసేరు ఈ రంగు?" అన్నారు.

బావ నా వైపు తిరిగాడు. "నేనేనండి. ఆరకముందే మా నాయనమ్మ బొట్టు పెట్టేసింది" అన్నాను.

ఆయన భుజం మీద తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "రా బాబూ, రా, నాది సూద్దువు గానీ" అని నన్ను పెరట్లోకి లాక్కెళ్ళారు. అక్కడ ట్రాక్టరుంది. బెల్లం వండే రోజుల్లో దానికి తన చేత్తో ఎర్ర రంగు వేశారట. గాలికి ఎగిరొచ్చిన చెరకు పిప్పి ఇంజను మూత నిండా అంటుకుని, ట్రాక్టరుకి గెడ్డం మొలిచినట్టుంది. "ఆరేళ్ళయింది. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతాది" అన్నారు. వెనకే వచ్చిన బావ కూడా ఇంక ఆపుకోలేక నవ్వేసి, "మావాడి చేతిపని మాత్రం నమ్మకండి గానీ, కుర్రాడు మంచివాడండి" అన్నాడు. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. అంత తేలికైన గాలి నేను మళ్ళీ ఎప్పుడూ పీల్చలేదు. లోపల కిటికీ దగ్గర గాజులు గలగలమన్నాయి. ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.

పెళ్ళయిన చాన్నాళ్ళకి మా ఆవిడ చెప్పింది. ఆ వేళ మేం వెళ్ళిపోయాక వాళ్ళ నాన్నగారు ఇంట్లో, "కుర్రోడికి పనీ రాదు, అబద్దవూ రాదు. ఇచ్చీయొచ్చు" అన్నారట. అంతకు ముందొచ్చిన రెండు సంబంధాలవాళ్ళూ గొప్పలు చెప్పి దొరికిపోయారట. ఆ మాట ఆవిడ ఇప్పటికీ బంధువుల్లో గర్వంగా చెప్పుకుంటుంది, నేను వినయంగా నవ్వుతాను. నిజం చెప్పాలంటే, ఆ లోగో సంగతి అడిగితే చెప్పడానికి దారి పొడుగునా నేను ఒక మంచి అబద్ధం కోసమే వెతికాను. చెరకు తోటలు అయిపోయాయి గానీ అది తట్టలేదు. ఈ సంగతి మావగారికి చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు. ఆయన ఇచ్చిన ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేక ఇన్నేళ్ళుగా నిజాలే చెప్పుకుంటూ వస్తున్నాను.