బుస తక్కువ పెడల్

రేపు హారిస్ పార్క్ దగ్గరి హాల్లో మన తెలుగువాళ్ళ ప్రోగ్రాం. పాడేది లక్ష్మి ఆంటీ, గిటార్ నాది. "మొన్నటిలా బుస్సుమంటే గిటార్ తీసేస్తాను" అని ఆవిడ ముందే చెప్పేశారు. అందుకని పాతదాని బదులు, గిటార్ మోతని ఒకే స్థాయిలో ఉంచే కంప్రెసర్ పెడల్స్ రెండు షాపులో అడిగి తెచ్చుకున్నాను. నచ్చనిది సాయంత్రం షాపు మూసేలోగా తిరిగిచ్చేయాలి. కంప్రెసర్ చిన్న చప్పుడుని కూడా పైకి లేపుతుంది కాబట్టి, బుస తక్కువున్నదే కావాలి.

షాపులో రెండూ నిశ్శబ్దంగానే ఉన్నాయి. ఇంట్లో పెడితే రెండూ ఒకటే గోల.

రూమ్మేట్ రఫీ పక్క టేబుల్ మీద ఆఫీసు వాళ్ళ Y2K టెస్ట్ నడుపుతున్నాడు. కర్నూలువాడు, కోపం ఎక్కువ.

"రేయ్, ఆపుతావా లేదా? ఈ గోలలో ఒక్క ఎర్రర్ మిస్ అయినా నా కాంట్రాక్ట్ పోతాది."

"షాపు మూసేస్తార్రా, కాసేపు ఓర్చుకో."

మాటా మాటా పెరిగింది. వాడు కుర్చీ నా వైపు తిప్పుకుని అరుస్తుండగా గిటార్ గోల ఠక్కున ఆగిపోయింది. చూస్తే వాడి మానిటర్ నల్లగా ఉంది. టెస్ట్ పోయిందనుకుని రఫీ మొహం పాలిపోయింది. గబగబా మౌస్ కదిపాడు. స్క్రీన్ వెలిగింది, గోల మళ్ళీ మొదలైంది.

గోల పెడల్స్‌ది కాదు, మానిటర్‌ది. వాడిని బతిమాలి, టీ పెట్టుకునేంతసేపు మానిటర్ ఆపించి, రెండూ విని నీలం పెడల్ ఉంచుకున్నాను. రెండోది షట్టర్ దించుతుండగా ఇచ్చొచ్చాను.

ఇప్పుడే ఆంటీ మెయిల్ చూశాను. పాటలు చూసి పాడడానికి రేపు స్టేజి మీద కంప్యూటర్ పెట్టిస్తున్నారట, గిటార్ పక్కనే. అది దూరం జరపమని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికైనా ఉంటే రేపు కాస్త ముందే రండి.