చింతపండుతో తోమిన ఇంజిన్

జహీరాబాద్ చరిత్ర రాయబూనినవారు ఒక ఘట్టాన్ని విస్మరించరాదు: పందొమ్మిది వందల నలభై మూడులో అల్లం వ్యాపారి రేవణసిద్ధప్ప ప్రతి అమావాస్యనాడూ తన కారు ఇంజిన్ మూత విప్పి, లోపలి మసి గీకేవాడు. యుద్ధం మూలాన పెట్రోలు పర్మిట్ మీదే దొరికేది. ఆయన అందులో దీపాల్లో పోసే గాసునూనె కలిపేవాడు, కారు నల్లగా దగ్గేది, ఆయన మసి గీకేవాడు. నెల మొత్తంలో కారు తిరిగేది నాలుగు మైళ్లేనని భార్య గిరిజమ్మకు తెలుసు. ఆ మాటంటే, యంత్రాల సంగతి ఆడవాళ్లకేం తెలుసనేవాడు.

ఈసారి అమావాస్య మరునాడే కోహీర్‌లో గిరిజమ్మ తమ్ముడి కొడుక్కు తొట్టెల పండుగ. పిల్లవాని చెవిలో పేరు చెప్పే హక్కు వాళ్లలో మేనత్తది. పది గంటల లోపు ఆమె చేరకపోతే, ఆ బరువును మరదలి అక్క సావిత్రమ్మ సంతోషంగా మోస్తుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచీ గిరిజమ్మ తన తండ్రి చెన్నబసప్ప పేరే అనుకుంటోంది. సావిత్రమ్మ దగ్గర బొంబాయి సినిమాలో విన్న పేరేదో సిద్ధంగా ఉంది.

“ఒక్క నెల మసి ఆగదా?” అన్నది గిరిజమ్మ.

“మసి బండిల తొట్టెలకు పోతమా? రేపు పొద్దుగాల ఎట్ల ఉరుకుతదో సూడు.”

మెడలోని లింగంకాయను వీపు మీదికి నెట్టి, మసి గీకేందుకు గిరిజమ్మ రొట్టెలు తిప్పే అట్లకాడ చేతబట్టి, రేవణసిద్ధప్ప వాకిట్లో పీఠం వేశాడు. పనివాడు సంగప్ప బోల్టులను తాంబాళంలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మూత లేచింది. మూతకూ ఇంజిన్‌కూ నడుమ, ప్రతి నెలా తీసి పక్కన పెట్టే రాగి రేకు ఈసారి నల్లగా మాసి ఉంది. రెండు రాగి పొరల మధ్య మెత్తని అట్ట పెట్టి చేసిన రేకు అది. లోపలి గాలీ నీళ్లూ బయటికి తన్నకుండా ఆపడమే దాని పని. ఆయనకు మాత్రం అందులో రాగే కనబడింది.

“చింతపండు తే,” అన్నాడు.

“గది తోమేది గాదప్పా. బీదర్ కార్ల మిస్త్రీ దాన్ని నీళ్లు గూడ తాకనియ్యడు,” అన్నాడు సంగప్ప.

“మిస్త్రీ ఇంట్ల ఎన్ని రాగిబిందెలున్నయిరా? రాగి ఎట్ల తోమాల్నో మనకు తెల్వదా?”

చింతపండుతో, ఉప్పుతో, బూడిదతో గంటసేపు తోమి, కడిగి, ఎండబెట్టాడు. రేకు తళతళలాడింది. లోపలి అట్ట నాని, ఉబ్బి, పొడిపొడి అయింది. కంటికి కనబడేది కాదు గనుక ఆయన దాన్ని లెక్కచేయలేదు. రేకును యథాస్థానంలో ఉంచి మూత బిగించాడు.

తెల్లవారింది. గిరిజమ్మ పట్టుచీర కట్టి, పిల్లవాని వెండి మొలతాడు మూటతో వచ్చి కార్లో కూర్చుంది. సంగప్ప హ్యాండిల్ తిప్పాడు. ఇంజిన్ నాలుగువైపులా బుస్సుమని, నీళ్లు చిమ్మి, మౌనవ్రతం పట్టింది.

“ఇంకోసారి తిప్పు.”

“ఏడుసార్లు తిప్పిన అప్పా. తాంబాళంల రెండు బోల్టులు గూడ మిగిలినయి.”

“మసి పోయినంక ఇంజిన్ తేలికైతది. గవి అక్కర్లేదు.”

గిరిజమ్మ కారు దిగింది. “మీరు తేలికైన ఇంజిన్ దగ్గర్నే ఉండున్రి. సంగప్పా, మూట పట్టు. టేషన్‌కు పోదాం.”

“కారున్నోళ్ల ఆడది రైలెక్కుతదా? నలుగురు ఏమంటరు?”

“ఆ నలుగురు రైల్లనే ఉంటరు. ఎక్కినంక అడుగుత.”

తొమ్మిదిన్నరకు ఆమె కోహీర్‌లో దిగింది. తొట్టెల దగ్గర పిల్లవాని చెవిలో చెన్నబసప్ప అని మూడుసార్లు చెప్పింది. దేంట్లో వచ్చావని ఆమెనెవరూ అడగలేదు.